అక్రా నుంచి ఇంటికొచ్చేశాం, మీ అందరికీ వందనాలు

అందరికీ నమస్కారం. నేనూ మా ఆయనా పోయిన గురువారం తెల్లవారుజామున శంషాబాద్‌లో దిగాం. ఘానా దేశంలో, అక్రాలో 18 నెలలు మిషన్ సేవ చేసి వచ్చాం. దిగిన దగ్గర్నుంచీ ఫోన్లు వస్తూనే ఉన్నాయి, ఒక్కొక్కరితో నిదానంగా మాట్లాడటం కుదరట్లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా, కాస్త పొడుగైనా చదవండి.

మాది యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘం. మాలో పిల్లలు స్థిరపడ్డాక రిటైరైన భార్యాభర్తలు కలిసి సొంత ఖర్చుతో మిషన్‌కి వెళ్తుంటారు. ఈయన రైల్వేలో చేశారు, ఆ పెన్షన్ మీదే వెళ్లాం. మాకు వచ్చిన పిలుపు అక్రా దేవాలయంలో సేవకి, 2004లో ప్రతిష్ఠ అయిన దేవాలయం అది. మన బెంగళూరుకి కూడా 2018లో దేవాలయం ప్రకటించారు కదా, దేశం మొత్తానికి అదే మొదటిది, ముందుగానే ఆ పని నేర్చుకోవచ్చని నాకెంత సంతోషమో.

అక్కడ రోజూ నాలుగున్నరకల్లా లేచేవాళ్లం. మేం టీ కాఫీ తాగం కాబట్టి చెరో కప్పు మైలో, అక్కడ చిన్నా పెద్దా అందరూ అదే తాగుతారు. ముందు రోజు రాత్రి ఇస్త్రీ చేసుకున్న తెల్లబట్టలు సంచిలో పెట్టుకుని బయల్దేరేవాళ్లం. సోమవారం దేవాలయానికి సెలవు, బట్టలుతకడం, మార్కెట్, పిల్లలతో వీడియో కాల్ అన్నీ ఆ రోజే. కరెంటుకి ప్రీపెయిడ్ మీటరు, డబ్బులు వేయించుకోకపోతే చీకటే, వేయించుకున్నా ఒక్కోసారి పోతుంది, దానికి వాళ్లు దుమ్‌సోర్ అని పేరే పెట్టుకున్నారు. మార్కెట్లో కొంటోమిరే అని ఆకు అమ్ముతారు, చూస్తే మన చామాకు లాంటిదే, కందిపప్పులో వేసి వండితే ఈయన రెండోసారి వడ్డించుకున్నారు. సోబోలో అని ఎర్రటి షర్బత్ ఇస్తారు, అది మన ఎర్ర గోంగూర కాయల రేకులతో చేసేది! అది తెలిసిన రోజు నాకు కళ్లనీళ్లొచ్చాయి. ఏ వారం పుట్టినవాళ్లకి ఆ వారం పేరు ఉంటుంది అక్కడ, ఆదివారం పుట్టాను కాబట్టి నేను అకోసువా, ఈయన బుధవారం కాబట్టి క్వాకు, దేవాలయంలో అందరూ అలాగే పిలిచేవారు.

ఇక అసలు విషయం. ఏడో నెలలో ఈయనకి మలేరియా వచ్చింది. రోజూ వేసుకోవాల్సిన మాత్ర ప్రయాణంలో రెండు మూడు రోజులు తప్పింది. రాత్రి తొమ్మిదిన్నరకి చలి మొదలైంది, ఉన్న దుప్పట్లన్నీ కప్పినా ఒణుకు ఆగట్లేదు, అదే సమయానికి కరెంటు లేదు. చేయి ఆడక ఇక్కడి మా ఎదురు ఫ్లాట్ వదినగారికి ఫోన్ చేశా, అక్కడ తొమ్మిదిన్నర అంటే ఇక్కడ తెల్లవారుజాము మూడు, ఒక్క రింగుకే ఎత్తారు. "ముందు నువ్వు కూర్చో, పక్కింటి తలుపు కొట్టు, ఫోన్ పెట్టకు" అన్నారు. కొట్టాను. ఆ పక్కింటావిడ, ఆవిడ కొడుకు నైటీ మీదా లుంగీ మీదా అలాగే వచ్చి ఈయన్ని కారెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లారు, తెల్లారేదాకా నా పక్కనే బెంచీ మీద కూర్చున్నారు. ఆరు డోసుల మందు, మూడు రోజులు. ఆ మూడు రోజులూ పూటపూటకీ పల్చటి జావ చేసి తెచ్చింది ఆవిడ. వాళ్లు మా సంఘంవాళ్లు కాదు, మా ఇద్దరికీ అంతకుముందు గుడ్ మార్నింగ్ తప్ప మాటల్లేవు. అమ్మా, ఇది నువ్వు చదవలేవని తెలుసు, మీ అబ్బాయి చదివించుకుంటానన్నాడు. మెదాసే (వాళ్ల భాషలో ధన్యవాదాలు), వెయ్యిసార్లు మెదాసే.

వదినగారూ, మీకేం చెప్పను. వానాకాలంలో మా వంటింటి గోడ చెమ్మెక్కితే మనిషిని పిలిపించి బాగు చేయించారు, కుండీల్లో మల్లెలు ఒక్కటి ఎండనివ్వలేదు, వస్తూనే ఫ్రిజ్‌లో పెరుగు తోడుపెట్టి ఉంది. కింద ఫ్లోర్ భాయ్‌సాబ్ వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఎయిర్‌పోర్టుకి కారేసుకొచ్చారు, రెండుసార్లూ అర్ధరాత్రి దాటాకే, పెట్రోలు డబ్బులు కూడా తీసుకోలేదు. ఎల్లో ఫీవర్ టీకాకి నారాయణగూడ ఐపీఎంకి మాతో వచ్చి లైన్లో నిలబడిన మన సంఘం బ్రాంచి తమ్ముడికి, నవంబర్‌లో పెన్షన్‌కి లైఫ్ సర్టిఫికెట్ ఎలా అని మేం కంగారు పడుతుంటే అక్కడి భారత హైకమిషన్‌లో సంతకం చేయించుకోవచ్చని చెప్పి, కాగితాలన్నీ ఇక్కణ్ణుంచే సర్దిపెట్టిన ఈయన పాత ఆఫీసు స్నేహితుడికి, గోంగూర పచ్చడి, కందిపొడి వచ్చేవాళ్ల చేత పంపిన మరదలికి కూడా నా వందనాలు.

ఎండబెట్టిన సోబోలో రేకులు రెండు కిలోలు తెచ్చాను. వచ్చే శనివారం సాయంత్రం అయిదింటికి మా ఇంటికి రండి అందరూ. అల్లం, లవంగం వేసి కాచి చల్లార్చి ఉంచుతా. గ్లాసులు తక్కువ, వదినగారూ మీవి ఓ డజను కావాలి.