ఫార్మాట్ కొట్టించే ముందు

చి. అమ్మలుకు నాన్న దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నువ్వు వేళకు తింటున్నావని తలుస్తాను.

మొన్న ఫోనులో "లాప్‌టాప్ మొరాయిస్తోంది నాన్నా, షాపులో ఇచ్చి ఫార్మాట్ కొట్టించేస్తా" అన్నావు. అప్పుడు కౌంటర్ దగ్గర ఇద్దరు శుభలేఖ ప్రూఫ్ చూసుకుంటున్నారు, నీతో సరిగా మాట్లాడలేకపోయాను. ఆ మాట మనసులో నలుగుతూనే ఉంది. ఫోనులో చెబితే సగం జారిపోతుందని కాగితం మీద పెడుతున్నాను. మీ అన్నయ్య సింహాద్రి ఎక్స్‌ప్రెస్‌లో వైజాగ్ వస్తున్నాడు. ఈ ఉత్తరంతో పాటు ఒక పెన్‌డ్రైవ్ కూడా ఇస్తాడు.

నీకు పరీక్షలని చెప్పలేదు గానీ, మూడు వారాల కిందట మన షాపు సిస్టమ్ కూడా పడిపోయింది. అరండల్‌పేటలో ఆ సాయంత్రం కరెంటు రెండు మూడు సార్లు వచ్చి పోయింది. యూపీఎస్ బ్యాటరీ పాతది, ఆగలేదు. పొద్దున స్విచ్ వేస్తే నీలం స్క్రీన్. పీసీ రిపేర్ చేయాలి అని రాసి, కింద 14సి తో ముగిసే ఎర్రర్ నంబరు. రిజిస్ట్రీ ఫైలు పాడైనప్పుడు వచ్చే నంబరు అది. మాఘమాసం ముహూర్తాలు ఒక పక్క, మిర్చి యార్డు సీజను ఒక పక్క. ఏడు శుభలేఖలు, కమీషన్ షాపుల వాళ్ల బిల్లు పుస్తకాలు నాలుగు, అన్నీ ఆ సిస్టమ్‌లోనే.

తెలిసిన మెకానిక్‌ను పిలిస్తే చూసీ చూడగానే "ఫార్మాట్ కొట్టేద్దాం సార్, గంట పని" అన్నాడు. నేను వద్దన్నాను. ఎందుకో నీకు చెప్పాలి.

రిజిస్ట్రీ అంటే మన షాపులో ఆర్డర్ల పుస్తకం లాంటిది. ఏ కార్డు ఏ అరలో ఉంది, ఎవరు అడ్వాన్సు ఇచ్చారు, ఎవరికి ఏ రంగు కావాలి, అన్నీ అందులోనే ఉంటాయి. ఆ పుస్తకం వానలో తడిసిపోతే సరుకు ఎక్కడికీ పోదు, కానీ ఏది ఎవరిదో తెలియదు. విండోస్ పరిస్థితీ అంతే. ఏ ప్రోగ్రామ్ ఎక్కడుంది, ఏ ప్రింటర్‌కు ఏ డ్రైవర్ (దాన్ని నడిపే చిన్న ప్రోగ్రామ్), ఏ ఫాంటు, ఏ లైసెన్సు అన్నది రిజిస్ట్రీలో చూసుకునే నడుస్తుంది. అది కొన్ని ఫైళ్లుగా, విండోస్‌లో సిస్టమ్32 లోపల కాన్ఫిగ్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. ముఖ్యమైనవి ఐదు: సిస్టమ్, సాఫ్ట్‌వేర్, శామ్, సెక్యూరిటీ, డిఫాల్ట్. ఏదో రాస్తుండగా కరెంటు పోయి వాటిలో ఒక్కటి చెడినా సిస్టమ్ పైకి లేవకపోవచ్చు. నీ ఫోటోలు, ఫైళ్లు మాత్రం హార్డ్ డిస్క్‌లో చెక్కుచెదరకుండా ఉండొచ్చు. ఫార్మాట్ అంటే తడిసిన పుస్తకంతో పాటు కొట్టు మొత్తం ఖాళీ చేయడం. నా అను తెలుగు ఫాంట్లు, కార్డులు కూర్చే పేజ్‌మేకర్, ఇన్నేళ్లుగా కుదుర్చుకున్న సెట్టింగులు మళ్లీ మొదటి నుంచి పెట్టాలంటే వారం పడుతుంది. పెళ్లి ముహూర్తం వారం ఆగదు కదా.

అందుకని పక్క జిరాక్స్ షాపులో కూర్చుని, మైక్రోసాఫ్ట్ వాళ్ల మీడియా క్రియేషన్ టూల్‌తో బూటబుల్ పెన్‌డ్రైవ్, అంటే సిస్టమ్‌ను దాని నుంచే లేపగలిగేది, చేసుకున్నాను. కనీసం 8 జీబీది కావాలి, అందులో ముందున్నవన్నీ చెరిగిపోతాయి. అది మన సిస్టమ్‌కు పెట్టి, ఆన్ చేస్తూనే ఎఫ్12 నొక్కి, పెన్‌డ్రైవ్ నుంచి లేపాను. భాష ఎంచుకున్నాక ఇన్‌స్టాల్ పెద్ద అక్షరాలతో కనిపిస్తుంది, చెయ్యి అటే పోతుంది. దాని జోలికి వెళ్లకూడదు. మనకు కావలసింది రిపేర్ యువర్ కంప్యూటర్ అన్నది. ముందు స్టార్టప్ రిపేర్ చేసి చూశాను, కుదరలేదంది.

అప్పుడు కమాండ్ ప్రాంప్ట్, అంటే ఆదేశాలు టైపు చేసే నల్ల కిటికీ, తెరిచి నోట్‌ప్యాడ్ అని కొట్టాను. ఇది గుర్తు పెట్టుకో, చాలామందికి తెలియదు. నోట్‌ప్యాడ్‌లో ఫైల్, ఓపెన్ నొక్కి, కింద ఆల్ ఫైల్స్ అని మారిస్తే డిస్క్‌లోని ఫోల్డర్లన్నీ కనిపిస్తాయి. రైట్ క్లిక్ చేసి కాపీ, ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి పేస్ట్. పని మీదున్న శుభలేఖలన్నీ అలా ముందు బయటకు తీసేశాను. అక్కడితో సగం టెన్షన్ తగ్గింది. అమ్మ ఫోన్ చేస్తే భోజనానికి వస్తున్నానని చెప్పగలిగాను.

తర్వాత జరిగింది నీకు వివరంగా చెప్పాలి. విండోస్ 7 రోజుల్లో రాసుకున్న నోటు పుస్తకం ఒకటి నా దగ్గర ఉంది. కాన్ఫిగ్ లోపల రెగ్‌బ్యాక్ అనే ఫోల్డర్ ఉంటుందనీ, రిజిస్ట్రీకి విండోస్ తనంతట తాను తీసుకున్న బ్యాకప్ అందులో ఉంటుందనీ, ఆ ఐదు ఫైళ్లు తెచ్చి పాడైన వాటి మీద కాపీ చేస్తే చాలనీ అందులో ఉంది. అప్పట్లో ఒకరి సిస్టమ్‌ను అలాగే బాగు చేశాను కూడా. అదే కమాండ్ సగం కొట్టాను. ఎందుకో ఆగి, అది చెరిపి, ఫోల్డర్‌లో ఏమున్నాయో చూపించే డిర్ కమాండ్ కొట్టి చూశాను. ఐదు పేర్లూ ఉన్నాయి, తేదీలూ ఉన్నాయి. పేరుకు ఎడమ పక్కన సైజు చూపించే చోట మాత్రం ఐదింటికీ సున్నా. కింద మొత్తం కూడా సున్నా బైట్లే. వాటిలో పెద్దవి పదుల ఎంబీలు ఉండాల్సినవి! చెయ్యి కీబోర్డు మీద నుంచి తీసేశాను. ఆ ఖాళీ ఫైళ్లను వాటి మీద కాపీ చేసి ఉంటే, కొంచెం చెడ్డ రిజిస్ట్రీ కాస్తా పూర్తిగా పోయి ఉండేది.

తర్వాత తెలిసిందేమిటంటే, 2018లో వచ్చిన విండోస్ 10 1803 వెర్షన్ నుంచి ఆ బ్యాకప్ తనంతట తాను తీసుకోవడం మైక్రోసాఫ్ట్ ఆపేసింది, డిస్క్‌లో జాగా మిగలడానికి. ఫైళ్ల పేర్లు అలాగే ఉంచింది. పాత సలహాలు మాత్రం ఈ రోజుకీ చేతులు మారుతూనే ఉన్నాయి. ఎవరు చెప్పినా, చివరికి నేను చెప్పినా సరే, కాపీ కొట్టే ముందు సైజు చూడు.

ఇంకో సంగతి. ఆ పెన్‌డ్రైవ్ నుంచి లేచినప్పుడు డ్రైవ్ అక్షరాలు మారిపోవచ్చు. మన సి కాస్తా డి అయింది. డిర్ కొట్టి, విండోస్ ఫోల్డర్ ఎక్కడుందో కళ్లతో చూసుకున్నాకే ముందుకు పోవాలి.

పాడైన ఐదు ఫైళ్లను కూడా పారేయలేదు. పాతవి అని ఒక ఫోల్డర్ చేసి అందులోకి కాపీ చేశాను. ఆ తర్వాతే అదే పెన్‌డ్రైవ్‌లో సిస్టమ్ రిస్టోర్‌కు, అంటే విండోస్‌ను వెనకటి రోజు స్థితికి తీసుకెళ్లే చోటికి, వెళ్లాను. అదృష్టం, అంతకు తొమ్మిది రోజుల ముందు కొత్త ప్రింటర్ డ్రైవర్ వేసినప్పుడు పడిన రిస్టోర్ పాయింట్ ఒకటి ఉంది. రిస్టోర్ పాయింట్‌లో ఆనాటి రిజిస్ట్రీ కూడా ఉంటుంది. నీ డాక్యుమెంట్లను అది ముట్టుకోదు. దాదాపు ముప్పావుగంట తిరిగి తిరిగి, రీస్టార్ట్ అయి, నా డెస్క్‌టాప్ మీద నువ్వు పెట్టిన ప్రకాశం బ్యారేజీ ఫోటో కనిపించింది. కళ్లు చెమర్చాయి అమ్మలూ. ఆ రాత్రే డిస్క్‌లో తప్పులు వెతికే చెక్‌డిస్క్ నడిపాను, మర్నాడు యూపీఎస్ బ్యాటరీ మార్పించాను. రిజిస్ట్రీ ఎడిటర్‌లో ఎనేబుల్ పీరియాడిక్ బ్యాకప్ అనే విలువను 1 చేసి ఆ పాత బ్యాకప్‌ను మళ్లీ నడిచేలా పెట్టాను. ఇప్పుడు రెగ్‌బ్యాక్‌లో సున్నాలు లేవు, చూసుకున్నాను.

ఇక నీ సంగతి. నీది విండోస్ 11 కాబట్టి పెన్‌డ్రైవ్ కూడా 11దే చేశాను. నీ లాప్‌టాప్ ఇంకా లేస్తోంది కదా, ఈ రోజే ప్రాజెక్ట్ ఫైళ్లన్నీ వేరే పెన్‌డ్రైవ్‌లోకి తీసుకో. తర్వాత సిస్టమ్ ప్రొటెక్షన్ ఆన్ చేసి ఒక రిస్టోర్ పాయింట్ నువ్వే పెట్టు. కొత్త లాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్క్‌కు తాళం వేసి ఉంటుంది, బిట్‌లాకర్ అంటారు. బయటి పెన్‌డ్రైవ్‌తో లేపినప్పుడు 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్తే కనిపిస్తుంది. కాగితం మీద రాసి పర్సులో కాదు, సర్టిఫికెట్ల ఫైల్లో పెట్టు. రిజిస్ట్రీ క్లీనర్ అని ఉచితంగా ఇచ్చేవి ఏవీ వేయకు. వాటి వల్ల వేగం పెరగడం నేనెప్పుడూ చూడలేదు, చెడిపోయి వచ్చిన సిస్టమ్‌లు చూశాను.

ఇవన్నీ చేశాక కూడా లేవకపోతే, డేటా బయటకు తీశాక, ఫార్మాట్ కొట్టించు. అప్పుడు నేనే వద్దనను.

పండుమిరపకాయల పచ్చడి సీసాతో పంపుతున్నాం. పెన్‌డ్రైవ్‌కు నూనె తగలకుండా విడిగా పేపర్లో చుట్టి, నీ పేరు రాశాను. ఉగాదికి వచ్చేటప్పుడు లాప్‌టాప్ తెచ్చుకో, ఆ బ్యాకప్ విలువ నీదానిలో కూడా ఇద్దరం కూర్చుని మారుద్దాం.

ఇట్లు,
మీ నాన్న
గుంటూరు