పూల్ ఆటగాళ్లకు పొద్దుటి ఎండ, కంటినిండా నిద్ర కావాలి

గౌరవనీయులైన సంపాదకులు గారికి,

నమస్కారం. విశాఖపట్నంలో కొన్నేళ్లుగా పూల్, అంటే క్యూ అనే కర్రతో బంతులను కొట్టి టేబుల్ అంచుల్లోని పాకెట్లలో పడేసే బిలియర్డ్స్ తరహా ఆట, బాగా విస్తరించింది. ఒకప్పుడు బిలియర్డ్స్ టేబుల్ చూడాలంటే ఏ పాత క్లబ్బులోనో సభ్యత్వం ఉన్నవారి వెంట వెళ్లాల్సి వచ్చేది. ఇప్పుడు ద్వారకానగర్, ఎం.వి.పి. కాలనీ, గాజువాక, మధురవాడ వంటి చోట్ల ఇంజనీరింగ్ విద్యార్థులు, ఐటీ ఉద్యోగులు, ఉక్కు కర్మాగారంలో షిఫ్టులు చేసేవారు గంటకు ఇంత అని చెల్లించి ఆడుకుంటున్నారు. వారిలో కొందరు ఆటను కాలక్షేపంగా కాక పోటీగా తీసుకుని, ఓపెన్ టోర్నీలకు సిద్ధమవుతున్నారు. చాలాకాలంగా ఈ ఆట ఆడుతూ, సెలవు రోజుల్లో పిల్లలకు నేర్పుతున్న నాకు ఇది ఎంతో సంతోషం కలిగించే విషయం. అయితే మన ఆటగాళ్ల సాధనలో ఒక పెద్ద లోటు కనిపిస్తోంది. వారు పగటి వెలుతురు చూడటం లేదు, సరిపడా నిద్రపోవడం లేదు. అర్ధరాత్రి దాటాక కూడా సాగే మన టోర్నీల వేళలు ఈ లోటును మరింత పెంచుతున్నాయి. ఈ సంగతిని మీ పత్రిక ద్వారా నిర్వాహకుల, తల్లిదండ్రుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

పరుగెత్తే ఆట కాదు కదా, ఒక రాత్రి నిద్ర తగ్గితే పూల్‌కు ఏమవుతుంది అని చాలామంది అడుగుతారు. ఈ ఆటకు ఎంత సూక్ష్మమైన గురి కావాలో లెక్క వేస్తే జవాబు దొరుకుతుంది. పోటీలకు వాడే 9 అడుగుల టేబుల్ మీద ఆడే స్థలం 100 అంగుళాల పొడవు, 50 అంగుళాల వెడల్పు ఉంటుంది. బంతి వ్యాసం 2.25 అంగుళాలు, మూల పాకెట్ నోరు సుమారు 4.5 అంగుళాలు. పాకెట్‌కు 5 అడుగుల దూరంలో రంగు బంతి, దానికి 4 అడుగుల వెనక క్యూతో కొట్టే తెల్ల బంతి, మూడూ ఒకే వరుసలో ఉన్నాయనుకుందాం. రంగు బంతి పాకెట్‌లో పడాలంటే దాని దారి అటూ ఇటూ ఒక డిగ్రీ కంటే ఎక్కువ తప్పకూడదు. తెల్ల బంతి దారిలో ఉన్న తప్పు, ఢీకొన్న తరువాత రంగు బంతి దారిలో ఈ దూరానికి సుమారు 20 రెట్లు అవుతుంది. అంటే క్యూ పట్టినవారికి దొరికే వెసులుబాటు ఒక డిగ్రీలో ఇరవయ్యో వంతు మాత్రమే. మామూలుగా కనిపించే సూటి షాట్ సంగతే ఇలా ఉంటే, కోణం పెట్టి కట్ చేయాల్సిన షాట్లలో ఈ వెసులుబాటు ఇంకా తగ్గుతుంది.

ఇంతటి గురి చేతి బలం మీద కాక, చూపు నిలకడ, చేయి వణకకపోవడం, నిర్ణయం తడబడకపోవడం అనే మూడింటి మీద ఆధారపడుతుంది. గురి చూసే చివరి క్షణాల్లో చూపు ఒకే చోట నిలిచి ఉండే వ్యవధికి కెనడా శాస్త్రవేత్త జోన్ వికర్స్ 'క్వయిట్ ఐ' అని పేరు పెట్టారు. బిలియర్డ్స్ ఆటగాళ్లపై 2002లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, నేర్పరుల చూపు కొత్తవారి చూపు కంటే ఎక్కువసేపు నిలిచి ఉంటుందని, షాట్ కష్టమయ్యేకొద్దీ ఆ వ్యవధి పెరుగుతుందని తేలింది. చేతి నిలకడ ఎంత ముఖ్యమో చెప్పడానికి డోపింగ్ నియమాలే చాలు. గుండె వేగాన్ని, చేతి వణుకును తగ్గించే బీటా బ్లాకర్ మందులను పోటీ సమయంలో వాడకూడదని ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిషేధించిన ఆటల్లో బిలియర్డ్స్, స్నూకర్, పూల్ ఉన్నాయి. మందుతో తెచ్చుకోకూడదని నియమం పెట్టిన ఆ నిలకడను నిద్ర ధర్మబద్ధంగా, ఖర్చు లేకుండా ఇస్తుంది. మనవాళ్లు దాన్నే వదులుకుంటున్నారు.

నిద్ర లేమిలో మరీ ప్రమాదకరమైన సంగతి ఏమిటంటే, అది మనిషికి తెలియకుండానే దెబ్బతీస్తుంది. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2003లో ప్రచురించిన అధ్యయనంలో, వరుసగా 14 రోజులు రాత్రికి 6 గంటలు, అంతకంటే తక్కువ నిద్రపోయినవారి ఏకాగ్రత, ఒకటి రెండు రాత్రులు అసలు నిద్రే లేనివారి స్థాయికి పడిపోయింది. అయినా తమ పనితీరు అంతగా దిగజారిందని వారికి అనిపించలేదు. నా దగ్గరకు వచ్చే కుర్రాళ్లలో ఇదే చూస్తున్నాను. క్యూ బాగాలేదని, టేబుల్ మీది క్లాత్ నెమ్మదించిందని, ఈ రోజు కలిసిరాలేదని అంటారు తప్ప, రాత్రి ఎప్పుడు పడుకున్నారో చెప్పరు. ఇక 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు, 17 గంటలు మేలుకొని ఉన్న మనిషి చేతి-కంటి సమన్వయం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవారితో సమానంగా ఉంటుందని చూపించారు. మన దేశంలో వాహనం నడిపేవారికి చట్టం విధించిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. ఉదయం 7 గంటలకు లేచి, రాత్రి 12 గంటలకు సెమీఫైనల్, ఆ పైన ఫైనల్ ఆడేవారు ఏ స్థితిలో టేబుల్ దగ్గర నిలబడుతున్నారో నిర్వాహకులు ఒక్కసారి ఆలోచించాలని కోరుతున్నాను.

టీ, కాఫీ, ఎనర్జీ డ్రింక్ తాగితే సరిపోతుందని ఆటగాళ్లు నమ్ముతారు. అవి మత్తును కొంతసేపు కప్పిపుచ్చుతాయి కానీ గురిని తిరిగి తేలేవు. టెన్నిస్ ఆటగాళ్లకు ఒక రాత్రి 5 గంటల నిద్ర మాత్రమే ఇచ్చి సర్వీస్ చేయించిన బ్రిటన్ పరిశోధకులు, సర్వీస్ గురి బాగా తగ్గిందని, కెఫీన్ ఇచ్చినా మెరుగుపడలేదని 2013లో ప్రకటించారు. పైగా కెఫీన్ కొందరిలో చేతి వణుకును పెంచుతుంది. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లో కరిగిపోవడానికి దాదాపు 5 గంటలు పడుతుంది కాబట్టి రాత్రి 10 గంటలకు తాగిన స్ట్రాంగ్ టీ తెల్లవారుజాము దాకా వెంటాడుతుంది. దీనికి ఎదురుగా, 2011లో ప్రచురితమైన స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం అధ్యయనంలో బాస్కెట్‌బాల్ ఆటగాళ్లను కొన్ని వారాల పాటు రాత్రికి 10 గంటలు పడకమీద ఉండమన్నప్పుడు, ఫ్రీ త్రో, మూడు పాయింట్ల షాట్లు రెండింటి గురీ సుమారు 9 శాతం మెరుగైంది. కదలకుండా నిలబడి, ఒకే కదలికను తప్పు లేకుండా తిరిగి తిరిగి చేయాల్సిన ఫ్రీ త్రో, క్యూతో కొట్టే మన స్ట్రోక్‌కు చాలా దగ్గర చుట్టం.

నేర్చుకున్న కదలిక ఒంటికి పట్టడానికి కూడా నిద్రే కావాలి. వేళ్లతో ఒక వరుసను వేగంగా నొక్కడం నేర్చుకున్నవారు, మరేమీ సాధన చేయకపోయినా, రాత్రి నిద్ర తరువాత దాదాపు 20 శాతం వేగం పెంచుకున్నారని 2002లో హార్వర్డ్ పరిశోధకులు తెలిపారు. ఆ మెరుగుదలకు రాత్రి చివరి భాగంలో వచ్చే నిద్రతో ఎక్కువ సంబంధం కనిపించింది. కాబట్టి అర్ధరాత్రి వరకు సాధన చేసి, ఉదయం కాలేజీ కోసం 5 గంటలకే లేచేవారు తాము కష్టపడి సాధించినదాన్ని మిగుల్చుకునే సమయాన్నే కోల్పోతున్నారు. పెద్దలకు 7 నుంచి 9 గంటలు, 14 నుంచి 17 ఏళ్ల పిల్లలకు 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలని వైద్యులు చెబుతున్నారు. పోటీకి ముందు వారం రోజులైనా దీన్ని పాటించమని నేను ప్రతి విద్యార్థిని బతిమాలుతుంటాను.

ఇక ఎండ విషయం. మన శరీరంలో నిద్రను, మెలకువను, ఒంటి వేడిని, చురుకుదనాన్ని నడిపే ఒక గడియారం ఉంది. అది పని చేసే తీరును కనుగొన్నందుకే 2017లో జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు వైద్య రంగంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ గడియారాన్ని రోజూ సరిదిద్దేది కంటిలోకి వచ్చే వెలుతురు. చూపుతో పెద్దగా సంబంధం లేకుండా కేవలం వెలుతురును కొలిచే ప్రత్యేక కణాలు మన కంటి రెటీనాలో ఉన్నాయని 2002లో తేలింది. ఉదయపు ఎండ గడియారాన్ని ముందుకు జరుపుతుంది, దానివల్ల రాత్రి వేళకు నిద్ర వస్తుంది. రాత్రి పొద్దుపోయాక పడే గట్టి వెలుతురు గడియారాన్ని వెనక్కి నెడుతుంది. పోటీ పూల్ టేబుల్ మీద ప్రతి చోటా కనీసం 520 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుతురు ఉండాలని ప్రపంచ స్థాయి నియమం. బయట, నీడలో కూర్చున్నా పగటి పూట అంతకు అనేక రెట్లు ఉంటుంది, నేరుగా పడే మధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ దాకా పోతుంది. కిటికీలు మూసిన పూల్ పార్లర్‌లో రోజంతా గడిపే ఆటగాడి శరీరానికి పగలు పగలుగా అందడం లేదు. అదే రాత్రి 11 గంటలకు టేబుల్ పైన వెలిగే దీపాలు మాత్రం మెలటోనిన్ అనే నిద్ర హార్మోన్‌ను ఆలస్యం చేయడానికి చాలినంత ఉంటాయి. పగలు వెలుతురు చూడనివారి మీద రాత్రి వెలుతురు ప్రభావం ఇంకా ఎక్కువ.

పార్లర్‌లకు కిటికీలు పెట్టమని నేను కోరడం లేదు. కిటికీ నుంచి పక్కగా పడే ఎండ బంతుల మీద మెరుపును, క్లాత్ మీద నీడలను తెస్తుంది, గంట గంటకూ మారుతుంది, గురిని తప్పిస్తుంది. పైనుంచి సమానంగా పడే దీపాలే ఈ ఆటకు సరైనవి. కాబట్టి ఎండ మన దగ్గరకు రానక్కర్లేదు, మనమే ఎండ దగ్గరకు వెళ్లాలి. ఆ విషయంలో విశాఖవాసులు అదృష్టవంతులు. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడ సమీపంగా వెళుతుంది. విశాఖ దానికి కొంచెం తూర్పున ఉండటంతో మన చేతి గడియారం, ఆకాశంలో సూర్యుడు దాదాపు కలిసే నడుస్తాయి. గుజరాత్‌లోని ద్వారకలో కంటే మనకు సుమారు గంట ముందే తెల్లవారుతుంది. జూన్ మొదట్లో 5.20, 5.30 మధ్య, జనవరిలో 6.30 ప్రాంతంలో సముద్రం మీంచి పొద్దు పొడుస్తుంది. ఉదయం నడిచేవారితో నిండిపోయే బీచ్ రోడ్డులో అరగంట నడిస్తే, ఎండ తీవ్రత లేకుండానే కావలసిన వెలుతురు దొరుకుతుంది. నడివేసవి మధ్యాహ్నం మాత్రం దీనికి పనికిరాదు. మన తేమ గాలిలో చెమట పట్టి, ఒంట్లో నీరు తగ్గి, క్యూ చేతిలో సాఫీగా జారదు. ఆటకు బయటి నుంచి వచ్చేవారు, చీకటిగా ఉండే హాల్‌కు కళ్లు అలవాటు పడేలా అరగంట ముందే లోపలికి రావాలి.

పిల్లల విషయంలో ఎండకు మరో ప్రయోజనం ఉంది. పగటి పూట ఆరుబయట గడిపే పిల్లలకు హ్రస్వదృష్టి, అంటే దూరపువి మసకగా కనిపించే లోపం, మొదలయ్యే అవకాశం తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. తైవాన్ 2010 నుంచి పాఠశాల పిల్లలు రోజుకు 120 నిమిషాలు బయట గడపాలనే కార్యక్రమం నడుపుతోంది. దూరపు బంతి అంచును స్పష్టంగా చూడటం మీద ఆధారపడే ఆటను నేర్చుకునే పిల్లవాడు, బడి నుంచి నేరుగా ట్యూషన్‌కు, ట్యూషన్ నుంచి పార్లర్‌కు వెళుతుంటే తల్లిదండ్రులు గమనించాలి.

రాత్రి షిఫ్టు చేసి ఆడేవారికి మాత్రం ఈ సలహా తిరగబడుతుంది. ఉదయం ఇంటికి వెళ్లేటప్పుడు వారు ఎండను వీలైనంత తక్కువ చూసి, మందపాటి తెరలు వేసిన చీకటి గదిలో నిద్రపోవాలి. మధ్యాహ్నం లేచాక ఎండలోకి రావాలి. అలాంటివారికి, ఎవరు ఎవరితో ఎప్పుడు ఆడాలో నిర్ణయించే డ్రాలో సాయంత్రం మ్యాచ్ ఇవ్వడం ఏ నిర్వాహకుడికీ కష్టం కాదు, అడిగే అలవాటు లేదంతే.

సాయంత్రం పార్లర్‌లకు గిరాకీ ఉంటుంది కాబట్టి టోర్నీ మ్యాచ్‌లను ఆ గిరాకీ తగ్గాక, అంటే రాత్రి 10 తరువాత పెడుతున్నారని నాకు తెలుసు. యజమానుల కష్టం అర్థం చేసుకోదగినదే. అయితే ఉదయం 9 నుంచి మధ్యాహ్నం వరకు అవే టేబుల్‌లు ఖాళీగా ఉంటాయి. సెలవు రోజుల తొలి రౌండ్లు ఆ వేళకు మార్చి, చివరి మ్యాచ్ రాత్రి 9 గంటల తరువాత మొదలుకాకుండా చూస్తే ఎవరికీ నష్టం లేదు. 18 ఏళ్ల లోపు పిల్లల మ్యాచ్‌లు రాత్రి 8 గంటలకు ముగియాలి. రాత్రి ఆలస్యంగా ఆడిన ఆటగాడిని మరునాడు ఉదయాన్నే పిలవకూడదు, మధ్యలో కనీసం 11 గంటల విరామం ఉండాలి. మధ్యాహ్న భోజనం తరువాత ఏ మనిషికైనా చురుకుదనం కొంత తగ్గుతుంది. కాబట్టి ఆ సమయంలో ముఖ్యమైన మ్యాచ్‌లు పెట్టకుండా, హాల్ పక్కన ఒక నిశ్శబ్దపు గదిలో ఆటగాళ్లు 20 నిమిషాలు కునుకు తీసే ఏర్పాటు చేస్తే మరీ మంచిది. అంతకంటే ఎక్కువసేపు పడుకుంటే లేచాక మత్తుగా ఉంటుంది.

రాబోయే దసరా సెలవుల్లో నగరంలో పూల్ పోటీలు నిర్వహించబోయేవారు, ప్రవేశ రుసుము వసూలు చేయడానికి ముందే మ్యాచ్ వేళల పట్టికను ముద్రించి ఆటగాళ్లకు, పిల్లల తల్లిదండ్రులకు ఇవ్వాలని మనవి. పట్టికలో రాత్రి 9 తరువాతి మ్యాచ్ కనిపిస్తే మార్చమని అడిగే హక్కు మనకు ఉంది. నా వద్ద నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులతో కలిసి నేను ఈసారి అడగబోతున్నాను.

ఇట్లు,
ఒక పూల్ శిక్షకుడు,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం.