మాతృభాష గడిలో ‘తెలుగు’ కొట్టేస్తే సరిపోతుందా మంత్రిగారూ?

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. సోమవారాల్లో అర్జీలిచ్చాం. ‘మీ అర్జీ పరిష్కరించబడినది’ అని ఫోన్లకు మెసేజీలొచ్చాయి. ఏం పరిష్కారమైందో తండా బళ్లలో ఎవరికీ కనబడలేదు కాబట్టి నలుగురికీ తెలిసేలా రాస్తున్నాం.

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో సుగాలీ, ఎరుకుల పిల్లలకు వాళ్ల భాషలో వాచకాలు అడిగితే ఒకటే జవాబు: ఆ భాష మాట్లాడే పిల్లలు రికార్డులో లేరు. ఎలా ఉంటారు సార్? బడి పిల్లల వివరాలు ఎక్కించే యూడైస్ ప్లస్ ఆన్‌లైన్ రికార్డులో ఆధార్, పుట్టినతేదీ తేడా వస్తే ఫోన్ల మీద ఫోన్లు. మాతృభాష గడిలో ఏం పెట్టినా అడిగే నాథుడు లేడు. సర్వర్ దొరికేదే రాత్రిపూట. గడువు చివర్లో తరగతి మొత్తానికీ ‘తెలుగు’ పెట్టి సబ్మిట్ కొట్టేస్తారు. కేటగిరీ ఎస్టీ, మాతృభాష తెలుగు! పిల్ల పై తరగతికి పోతే ఆ తప్పూ వెంటే పోతుంది.

పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. తండా పిల్లకు రెండూ పరాయివే. బొమ్మ పేరు తెలిసి కూడా నోరు మెదపదు, ‘వెనకబడింది’ అనిపించుకుంటుంది.

ఉమ్మడి రాష్ట్రంలో 8 గిరిజన భాషల్లో బహుభాషా విద్య పెట్టారు. అందులో బంజారా (సుగాలీ భాషకే మరో పేరు) ఉంది, ఎరుకుల లేదు. ఆ బంజారా వాచకాలే పంపుతామంటారేమో, ముందు ఇక్కడి తండా పెద్దలకు చదివి వినిపించండి. సుగాలీ మాటలు చాలావరకు హల్లుతో ఆగుతాయి: ఘర్, హాత్, కాన్. తెలుగు వాచకం వరసలో పొల్లు చాలా ఆలస్యంగా వస్తుంది. వీళ్లకు అది మొదట్లోనే నేర్పాలి. తెలుగు పాఠాన్ని మాటకు మాట మార్చి అచ్చేస్తే పనికిరాదు.

ఎరుకుల తమిళానికి దగ్గరే కదా, తమిళనాడు సరిహద్దున ఉన్న నగరి వైపు తమిళ పుస్తకాలు ఇస్తే పోదా అని సలహా కూడా విన్నాం. మేనమామ ఇల్లుంది కదాని సొంతిల్లు కూల్చుకోమన్నట్టుంది.

కొత్త చట్టం అడగడం లేదు. పిల్లలకు వీలైనంతవరకు మాతృభాషలో చదువు చెప్పాలనే రాజ్యాంగం 350ఎ, విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ ఉండనే ఉన్నాయి. ఒకటో తరగతిలో మొదటి మూడు నెలలు పలక పట్టించకుండా మాటలు, పాటలు, లెక్కలు ఇంటి భాషలోనే నడవాలి. ఆ తర్వాత తెలుగు లిపిలో వాళ్ల మాటలే రాయించాలి. అందుకు ఆ భాష వచ్చిన వాలంటీరు కావాలి, జీతం నెలనెలా పడాలి. వీటన్నిటికన్నా ముందు, గడి నింపేటప్పుడు ఇంట్లో ఏం మాట్లాడతారో తల్లిని అడగాలని ఒక్క సర్క్యులర్ ఇప్పించండి సార్. ఎంట్రీ మూసేశాక ఇస్తే ఇంకో ఏడాది పోతుంది.

ఇట్లు,
తండా, ఎరుకుల కాలనీ బడుల టీచర్లు,
తిరుపతి