విశాఖకు పోయే మావాళ్ల కోసం ఒక రూటు రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం పేజీలో వచ్చిన ‘రెండు రోజుల్లో విశాఖ’ చదివాను. ఫొటోలు బాగున్నాయి. చూడాల్సిన చోట్ల వరస మాత్రం నాకు నచ్చలేదు. ఆర్కే బీచ్ తర్వాత బొర్రా గుహలు, అక్కడి నుంచి కైలాసగిరి, ఆ తర్వాత సింహాచలం, చివరికి భీమిలి అని రాశారు. నేను మిర్యాలగూడ డిపోలో బస్సు నడిపి రిటైరైన మనిషిని. బొర్రా నగరానికి సుమారు 90 కిలోమీటర్లు, అదీ ఘాట్ రోడ్డు. పొద్దున బీచ్ చూసి బొర్రాకు పోయి, చీకటి పడకముందే కైలాసగిరికి తిరిగి రావాలంటే డ్రైవర్ ప్రాణం మీదికి వస్తుంది. వెనక కూర్చున్నవాళ్లు వాంతులతో సరి.

మా జిల్లా నుంచి విశాఖకు పోయేవాళ్లు ఏటేటా పెరుగుతున్నారు. సాయంత్రం మిర్యాలగూడలో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి వైజాగ్‌లో దిగుతాం. అక్కడిదాకా సుఖమే. దిగినాక మొదలవుతుంది ఆగమాగం. మొన్న మా బంధువులందరం ఒక ప్యాకేజీ వాళ్లకు డబ్బులు కట్టి వెళ్లాం. మమ్మల్ని సోమవారం దింపి, నేరుగా కురుసుర జలాంతర్గామి దగ్గరికి తీసుకుపోయారు. సోమవారం దానికి సెలవు. ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం మ్యూజియానికీ అదే రోజు సెలవు. జూపార్కుకైనా తీసుకుపొమ్మంటే అదీ ఆ రోజే మూసి ఉంటుందన్నారు. పిల్లలు ఏడుపు. ఈ ఒక్క ముక్క మీ వ్యాసంలో రాస్తే ఎన్ని కుటుంబాలకు మేలో చూడండి.

మరుసటి రోజు మేం కొందరం ప్యాకేజీ బస్సు వదిలేసి సొంతంగా కురుసుర ఎక్కాం. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి మ్యూజియంగా ఒడ్డున ఉన్న ఓడ అది. పొడవు 91 మీటర్లు. లోపల మనిషి పక్కకు తిరిగి నడవాలి. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి తూములో దూరినట్టు దూరాలి. మోకాళ్ల నొప్పులున్న మా వదిన ఒక గది చూసి చాలనుకుంది. చూపించేవాళ్లు నేవీలో పనిచేసి రిటైరైనవాళ్లు. వాళ్లను కాస్త మాట్లాడిస్తే టార్పెడో ఎట్లా వదిలేవాళ్లో, నెలల తరబడి ఆ ఇరుకులో ఎట్లా పడుకునేవాళ్లో చెబుతారు. గైడును తొందరపెట్టే గుంపులో పోతే ఇవేవీ చెవిన పడవు.

ఇక నా సలహా. విశాఖను చోట్ల పేర్లుగా కాకుండా దిక్కులుగా రాయండి. ఒక రోజంతా ఉత్తరం, సముద్రం పక్క రోడ్డు. ఇంకో రోజు అరకు. మరో రోజు సింహాచలం, పాత ఊరు, హార్బర్.

ఉత్తరపు రోడ్డు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీరు దాన్ని రెండు వాక్యాల్లో తేల్చేశారు. ఆర్కే బీచ్ నుంచి భీమిలిదాకా పాతిక కిలోమీటర్ల పైచిలుకు, కుడిచేతి వైపు సముద్రం వదలదు. కైలాసగిరి, రుషికొండ దాటాక ఎడమవైపు తొట్లకొండ. పైదాకా బండి పోతుంది. అక్కడ సుమారు రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ భిక్షువుల గదుల పునాదులు, స్తూపాలు, రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి. తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ నాణేలూ దొరికాయి. నిలబడి చూస్తే కింద సముద్రం. ఆ సముద్రం మీది ఓడల వర్తకమే పైనున్న విహారాన్ని పోషించిందంటే నమ్మబుద్ధవుతుంది. కొండ మీద పడ్డ వానచుక్కను రాతిలోనే దాచుకుని తాగిన మనుషులు వాళ్లు. ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిపోయిన ఊళ్లు చూసిన నేను ఆ తొట్ల దగ్గర చాలాసేపు ఉండిపోయాను. మావాళ్లు ‘రాళ్లే కదా’ అని కిందికి దిగిపోయారు.

రాళ్లే. కానీ మా నాగార్జునకొండ లోయ సాగర్ డ్యామ్ కట్టినప్పుడు నీళ్లలో మునిగింది. దొరికిన శిల్పాలను కొండ మీది మ్యూజియంలోకి తరలించారు. సాగర్ రూటులో టూరిస్టులను ఎంతమందిని దింపానో లెక్కలేదు. మా పక్కనే సూర్యాపేట జిల్లాలో ఫణిగిరి ఉంది, ఈ రెండూ బౌద్ధుల చోట్లే. వీటిని చూసిన నల్లగొండ పిల్లవాడికి తొట్లకొండ, దాని పక్కనున్న బావికొండ కొత్త ఊరు కావు, చుట్టాల ఊరే. మీ తెలంగాణ ఎడిషన్‌లోనైనా ఆ సంగతి కలిపి రాయొచ్చు కదా.

ఇంకాస్త ముందుకు పోతే ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్లుగా గాలి, వాన, సముద్రం వెనక్కీ ముందుకీ జరగడం, ఇవన్నీ కలిసి తయారుచేసిన ఎర్ర ఇసుక. భూగర్భ సర్వే శాఖ దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. మీ ఫొటోలో ఒక కుర్రాడు దిబ్బ అంచు మీంచి జారుతున్నాడు. దయచేసి అట్లాంటి ఫొటోలు వేయొద్దు. గట్టిగా అడుగేస్తే రాలిపోయే మట్టి అది.

భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు, పాత లైట్‌హౌస్ ఉన్నాయి. నాకు నచ్చింది మాత్రం గోస్తని నది సముద్రంలో కలిసే చోటు. బొర్రా గుహల దగ్గర కొండ కింద పారేది ఈ నదే. అందుకే ముందు రోజు బొర్రా, తర్వాతి రోజు భీమిలి పెట్టుకోమంటాను. పిల్లలకు నది మొదలూ చివరా రెండూ కనబడతాయి.

అరకుకు రైలే మేలు. కొత్తవలస–కిరండూల్ లైను టూరిస్టుల కోసం వేసింది కాదు, 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్‌కు పంపడానికి వేసింది. ఇప్పటికీ ఎదురుగా ఖనిజం వ్యాగన్లు వస్తుంటాయి. సొరంగం వచ్చినప్పుడల్లా బోగీలో పిల్లలు కేకలు పెడతారు, పెద్దవాళ్లూ పెడతారు. బొర్రాలో మెట్లు బాగా ఉన్నాయి, తడిగా ఉంటాయి, కోతులు చేతిలో సంచి ఉంచవు. ఇది ముందే రాస్తే ముసలివాళ్లు ఆలోచించుకుంటారు. బొంగు చికెన్ గురించి మీరు రాసింది చాలు.

యాదగిరిగుట్ట, మట్టపల్లి మొక్కులున్న మావాళ్లు సింహాచలం వదలరు. అయితే అక్కడ స్వామి ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడని, నిజరూపం చూడాలంటే అక్షయ తృతీయ నాడే పోవాలని చాలామందికి తెలియదు. పాత ఊర్లో హార్బర్ పక్కన మూడు చిన్న కొండలున్నాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద మేరీమాత చర్చి, ఇంకోదాని మీద దర్గా. మీ పేజీలో వీటి ఊసే లేదు. పై నుంచి చూస్తే డాల్ఫిన్ నోస్ కొండ పక్కన కాలువలోంచి పెద్ద ఓడ లోపలికి వస్తూ కనబడుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. కృష్ణలో ఈత నేర్చిన మా పిల్లలు సముద్రాన్నీ అట్లాగే అనుకుంటారు. ఆర్కే బీచ్, యారాడ దగ్గర ఒడ్డు దాటగానే లోతు. ఒడ్డుకొచ్చిన నీళ్లు ఒక పాయగా వెనక్కి పోతూ మనిషిని లాగేస్తాయి. అందులో పడితే ఒడ్డుకు ఎదురీదకూడదు, ఒడ్డు వెంబడి పక్కకు ఈది పాయలోంచి బయటపడాలి. ఈత రానివాళ్లు మోకాలు దాటి దిగనే వద్దు. ఏటా విహారానికి పోయి తిరిగిరాని పిల్లల వార్తలు మీరే వేస్తున్నారు. ఆ వార్తల్లో తెలంగాణ ఊళ్ల పేర్లూ ఉంటాయి. టూరిజం పేజీలో పెద్ద అక్షరాలతో ఈ నాలుగు మాటలు వేస్తే మీకేం స్థలం తగ్గదు. ఏ బీచ్‌లో లైఫ్‌గార్డులు ఉంటారో, ఏ వేళదాకా ఉంటారో కూడా కనుక్కుని రాయండి.

సెలవు రోజులు, మెట్లు, దిక్కులు, సముద్రం, ఈ నాలుగూ ఉన్న పేజీ ఒకటి వేయండి. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, విశాఖ ఎక్స్‌ప్రెస్ బెర్తులు నిలవవు. కాబట్టి దసరా సెలవుల కోసమైతే అది శ్రావణంలోనే రావాలి.

ఇట్లు,
విశ్రాంత ఆర్టీసీ డ్రైవర్,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా