తడి బొగ్గు లెక్క

గాజువాక,
ఆదివారం

చిన్నీ,

నిన్న ఫోన్లో విసుక్కున్నావు కదా, "ఫ్యాక్టరీ వాళ్లు డేటా ఇవ్వరు నాన్నా, ఎకోఇన్వెంట్ డేటాబేస్‌లో ఉన్న సగటు వేసేసి రిపోర్టు పంపేస్తాను" అని. జవాబు చెప్పేలోగా అమ్మ ఫోన్ లాక్కుంది. అందుకని ఈ ఉత్తరం.

నీ ఎల్‌సీఏ, అదే ఒక సరుకు పుట్టిన దగ్గర్నుంచి పారేసేదాకా పర్యావరణానికి చేసే నష్టం లెక్క, నాకు పూర్తిగా రాదు. కాటా తెలుసు. వానకు తడిసిన బొగ్గు వ్యాగన్ కాటా ఎక్కితే అంకె పెరుగుతుంది. పెరిగింది బొగ్గు కాదు, నీళ్లు. పది శాతం తేమ ఉంటే వంద టన్నుల్లో నీ లెక్కకు పనికొచ్చేది తొంభయ్యే, అందులో మళ్లీ కార్బన్ ఎంతో చూడాలి. డేటా అడిగితే నీకు కాటా చీటీలు చేతిలో పెడతారు. తేమ కాగితం ల్యాబ్‌లో ఉంటుంది. ల్యాబ్ వేరే బిల్డింగు. అక్కడిదాకా నడిచేవాళ్లు తక్కువ.

సగటు ఎక్కడిదో కూడా చూసుకో. మన గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. అణు విద్యుత్తుతో నడిచే ఫ్రాన్స్ అంకె వేశావంటే గాజువాక ఫ్యాక్టరీకి రాత్రికి రాత్రే పాపాలన్నీ పోతాయి!

నువ్వు పంపిన ఎల్‌సీఏ నియమాల పుస్తకం ఐఎస్ఓ 14044 చదివాను (2006 నాటిది, భాష మా సర్క్యులర్ల కంటే దారుణం). అందులో అలొకేషన్ దగ్గర, అంటే ఒకేచోట పుట్టిన సరుకుల మధ్య భారం పంచే దగ్గర, ఆగిపోయాను. గానుగ ఆడిస్తే నూనె, తెలగపిండి రెండూ వస్తాయి, ఖర్చు దేని ఖాతాలో రాస్తాం? ఇనుము తీసే బ్లాస్ట్ ఫర్నేసులోనూ అదే పేచీ. టన్ను ఇనుముకు పావు టన్ను పైనే స్లాగ్ అనే చిట్టెం వస్తుంది, అది సిమెంటుకు పోతుంది. పొగను బరువును బట్టి పంచితే స్లాగ్ మీద పెద్ద వాటా పడుతుంది, ధరను బట్టి పంచితే దాదాపు ఏమీ పడదు. ఫర్నేసు మారలేదు, పొగ మారలేదు, సిమెంటు మాత్రం పచ్చబడింది. వీలైతే పంచకుండానే తేల్చమనీ, తప్పకపోతేనే ముందు బరువులాంటి కొలతలు, ఆ తర్వాతే ధర చూడమనీ ఆ పుస్తకమే అంటోంది. క్లయింటుకు ఏది లాభమో అది ముందు చూడకు.

ఏ ఏడాది లెక్క అన్నది ఇంకో చిక్కు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. ఉత్పత్తి ఆగినా బొగ్గును కోక్‌గా మార్చే కోక్ ఓవెన్లను చల్లారనివ్వకూడదు, చల్లారితే లోపలి సిలికా ఇటుకలు పగులుతాయి. ఇంధనం కాలుతూనే ఉంటుంది, సరుకు మాత్రం రాదు. అలాంటి నెల ఒక్కటి పట్టుకుని టన్నుకు ఇంత అని రాస్తే ఎవరి కొంప ముంచినట్టు?

యూరప్ వాళ్ల సీబామ్, అదే అక్కడికి వెళ్లే ఉక్కు, సిమెంటు లాంటి సరుకుల మీద కార్బన్ సుంకం, 2026 జనవరి నుంచి వెళ్లిన సరుకుకు నిజంగానే డబ్బులు కట్టమంటోంది. అది పూర్తి ఎల్‌సీఏ కాదని నువ్వే చెప్పావు. అయినా సొంత అంకెలు లేనివాళ్లకు వాళ్ల డీఫాల్ట్ అంకె తగిలిస్తారు, అది చౌకగా ఉండదు. ఇక నుంచి ఫ్యాక్టరీలకే నీ అవసరం. కాబట్టి బతిమాలకు, అడుగు.

అచ్యుతాపురం వచ్చినప్పుడు మేనేజరు గదిలో కాఫీ తాగేసి వెళ్లిపోకు. కాటా గుమస్తా పక్కన ఓ గంట కూర్చో, షిఫ్టు లాగ్‌బుక్ చూపించమను. వాళ్లను ఎవరూ ఏమీ అడగరు, అడిగితే పొంగిపోయి చెప్తారు.

హోటల్ బుక్ చెయ్యకు, ఇంటికొచ్చెయ్. సేఫ్టీ షూ నీవే తెచ్చుకో, అక్కడిచ్చేవన్నీ మగవాళ్ల సైజులు.

నాన్న