యాభై దాటాక విమానం నేర్చుకునేవాళ్లకు

సంపాదకులకు,

రిటైర్మెంట్ దగ్గరపడ్డాక చిన్న విమానం నడపడం నేర్చుకుంటామని వచ్చేవాళ్లు ముందుగా అడిగేది ‘ఈ వయసులో లైసెన్స్ ఇస్తారా’ అని. ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అడిగేవి 17 ఏళ్లు నిండడం, పదో తరగతి పాసవడం, క్లాస్ 2 మెడికల్ (ఆరోగ్య పరీక్ష సర్టిఫికెట్), రాతపరీక్ష, 40 గంటల ఫ్లయింగ్. పెద్ద వయసని ఆపే నిబంధన లేదు. ఆపితే మెడికలే ఆపుతుంది. అందుకే అది చేతికొచ్చేదాకా ఫీజు కట్టొద్దు. బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లు పాత రిపోర్టులన్నీ పట్టుకుని డీజీసీఏ గుర్తింపు ఉన్న డాక్టరును కలవాలి. జలుబుకని ఇంట్లో వేసుకునే సిట్రిజిన్ కూడా మగత తెస్తుంది. అది వేసుకున్న రోజు ఫ్లయింగ్ మానేయాల్సిందే.

ఎవరూ చెప్పని ఇబ్బంది కళ్లద్దాలది. దూరపు చూపు, దగ్గరి చూపు ఒకే అద్దంలో ఉండే ప్రోగ్రెసివ్ అద్దాల్లో కింది భాగం దగ్గరి చూపుకు. ల్యాండింగ్‌లో చూపు కిందికి వాలగానే రన్‌వే ఆ భాగంలో పడి మసకబారుతుంది, ఎత్తు అంచనా తప్పుతుంది. గడ్డం కాస్త దించి, అద్దం పైభాగంలోంచి రన్‌వే చివరను చూడాలి. కాక్‌పిట్‌లో కూర్చుని కంటికీ ప్యానెల్‌కీ మధ్య దూరం కొలిపించుకుని, ఆ కొలతతో అద్దాలు చేయిస్తే ఇంకా మంచిది. ఇంకో జత జేబులో ఉండాలి.

రెండు సీట్ల శిక్షణ విమానం సెస్నా 152 ఫ్లాప్స్ (రెక్కల వెనక కిందికి వాలే పలకలు) దించి దిగేటప్పుడు వేగం 60 నాట్ల దగ్గర ఉండాలి. భయంకొద్దీ 70 పట్టుకొస్తే నేల దగ్గర తేలిపోతుంది, బలవంతంగా దించబోతే ఎగిరిపడుతుంది. అప్పుడు యోక్ (చేతిలోని కంట్రోల్ చక్రం) ముందుకు తోశారో, ముక్కు చక్రం, ప్రొపెల్లర్ నేలకు తగులుతాయి. ఫుల్ థ్రాటిల్ (ఇంజన్‌కు పూర్తి పవర్) ఇచ్చి, కార్బ్యురేటర్‌ను వేడిచేసే కార్బ్ హీట్ ఆపి, ఫ్లాప్స్ 20 డిగ్రీలకు తెచ్చి మళ్లీ లేవడమే దారి. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఇదే విమానంలో ట్యాంకులు నింపితే మనుషులకు మిగిలేది సుమారు 180 కిలోలే. నేర్చుకునేవాళ్లు, నేర్పేవాళ్లు చెరో 95 కిలోలుంటే ఇంధనం తగ్గించాలి. ఎండాకాలం మరీ జాగ్రత్త. బేగంపేట సముద్రమట్టానికి 1,700 అడుగుల పైన ఉంది. 40 డిగ్రీల ఎండలో అక్కడి గాలి 5,000 అడుగుల ఎత్తున ఉన్నంత పలచనవుతుంది. రన్‌వే ఎక్కువ కావాలి, పైకెక్కడం నెమ్మదిస్తుంది. మే నెలలో ఎనిమిదిలోపు ఎగిరి దిగిపోవడమే మేలు.

ఆ పొద్దుటి స్లాట్లే పెద్దవాళ్లకు దొరకడం కష్టం. కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు పూర్తిచేసుకోవాల్సిన కుర్రాళ్లకే అవి ముందు పోతాయి. వారానికొక్కసారి, అదీ మధ్యాహ్నపు కుదుపుల్లో ఎగిరితే పోయినసారి పట్టుబడ్డ ఫ్లేర్ (నేల తాకే ముందు ముక్కు ఎత్తడం) మళ్లీ మొదటికొస్తుంది. గంటలు, డబ్బు పెరుగుతాయి. తప్పు వయసు మీదికి పోతుంది. వారానికి మూడు పొద్దుటి స్లాట్లు రాసి ఇచ్చాకే ఫీజు, అదీ పది గంటలకొకసారి చొప్పున కట్టించుకునే పద్ధతి ఫ్లయింగ్ క్లబ్బులన్నీ పెట్టాలని మా కోరిక.

– ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్లు, హైదరాబాద్