సాంచె ఎందుకు ఆగిందో రాయించు, చిన్నాయనా

మాంచెస్టర్,
ఆదివారం

చిన్నాయనకు, చిన్నమ్మకు నమస్కారాలు.

పోయిన వారం ఫోన్‌లో నువ్వు అడిగినదానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పలేను, అందుకే ఈ ఉత్తరం. "నూలు ధర మన చేతిలో లేదు, కరెంటు బిల్లు మన చేతిలో లేదు. ఇంక మీ మేనేజ్‌మెంట్ చదువులు సిరిసిల్ల షెడ్డుకు ఏం పనికొస్తయ్?" అన్నావు. ఆ రెండూ నీ చేతిలో లేవన్నది నిజమే. చేతిలో ఉన్నది ఎంతో కొలిచి చూపించిన పరిశోధన ఒకటి ఉంది. అది జరిగింది మన దేశంలోనే, నేత మిల్లుల్లోనే.

2008లో స్టాన్‌ఫర్డ్ నుంచి నికొలస్ బ్లూమ్, జాన్ రాబర్ట్స్, ప్రపంచ బ్యాంకు నుంచి డేవిడ్ మెకెంజీ, వాళ్లతో మరికొందరు కలిసి ముంబై దగ్గర తారాపూర్, ఉంబర్‌గావ్‌లలో 17 నేత కంపెనీలను తీసుకున్నారు. అన్నీ కుటుంబాల చేతిలో ఉన్నవే. సగటున ఒక్కో కంపెనీలో 270 మంది పనివాళ్లు, అంటే నీ 24 సాంచాల (మరమగ్గాల) షెడ్డుకంటే చాలా పెద్దవి. లాటరీ తీసినట్టు తీసి 14 మిల్లులకు ఐదు నెలలపాటు సలహాదారులను పంపారు: మొదటి నెల పరిశీలన, తర్వాతి నాలుగు నెలలు పక్కనుండి పని చేయించడం. పోల్చి చూసుకోవడానికి ఇంకో 6 మిల్లులకు పరిశీలన నెల ఒక్కటే ఇచ్చారు (కొన్ని కంపెనీలకు ఒకటికంటే ఎక్కువ మిల్లులున్నాయి). చేయించినవి 38 పద్ధతులు. అందులో కొత్త మిషన్ కొనమన్నది ఒక్కటీ లేదు. తప్పులు ఏ రోజువి ఆ రోజు రాయడం, చెడకముందే మగ్గానికి మరమ్మతు చేయడం, నూలుకు చీటీ కట్టి వరుసగా పెట్టడం, నేల ఊడ్చి పనిముట్లు జాగాలో పెట్టడం, రోజూ కాసేపు కూర్చొని లెక్క చూసుకోవడం, ఇలాంటివే.

మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. ఎక్కడినుంచి వచ్చిందో చూడు. అంతకుముందు ఆ మిల్లుల్లో దాదాపు ఐదో వంతు మంది పని, నేసిన బట్టలో తప్పులు వెతికి సరిచేయడమే. తప్పులు తగ్గేసరికి ఆ కూలీ మిగిలింది, గోదాములో మురిగే నూలు తగ్గింది, మగ్గాలు ఆగడం తగ్గింది. మరి ఇంత తేలికైన పని ముందే ఎందుకు చేయలేదని యజమానులను అడిగితే, మా బట్ట పక్కవాళ్ల బట్టలాగే ఉంది, ఇంకేం మిగులుతుంది అన్న ధోరణిలో ఉన్నారట. పరిశోధన మొత్తంలో నన్ను పట్టి ఆపింది ఈ మాటే. పక్క షెడ్డుతో పోల్చుకుంటే నష్టం కనపడదు, ఎందుకంటే పక్క షెడ్డులోనూ అంతే నష్టం.

నువ్వు పోల్చుకోవలసింది నీ సాంచెతోనే. లెక్క ఇది. సాంచె నిమిషానికి 120 పేకలు (అడ్డపోగులు) వేస్తుందనుకో, బట్టలో అంగుళానికి 48 పేకలు. అంటే నిమిషానికి రెండున్నర అంగుళాలు, 12 గంటల షిఫ్టుకు 1,800 అంగుళాలు, అంటే 45.7 మీటర్లు. షిఫ్టు దిగేటప్పుడు 32 మీటర్లే కోశారంటే సాంచె నడిచింది 70 శాతం. మిగతా మూడు గంటల ముప్పై ఆరు నిమిషాలు ఎక్కడ పోయాయి? పడుగు పోగు తెగిందా, పేక నూలు కండె అయిపోయి ఎవరూ చూడలేదా, పడుగు చుట్టిన భీము మార్చేటప్పుడు పోగులు అతికే వైపని మనిషి దొరకలేదా, సాంచాలు బాగుచేసే జాబర్ వేరే షెడ్డులో ఉన్నాడా, కరెంటు పోయిందా? ఒక్కోదానికి మందు వేరు. జాబర్ కోసం ఆగేదే ఎక్కువైతే, వేగం పెంచమని కార్మికుణ్ని తిట్టి లాభం లేదు.

అందుకు ఒక నోటుబుక్కు చాలు. షిఫ్టు, సాంచె నంబరు, ఆగిన టైము, మళ్లీ నడిచిన టైము, ఎందుకు ఆగింది, ఈ ఐదు గడులు. తప్పులకు వేరే పేజీ: ఏ సాంచె, ఏ మీటరు దగ్గర, ఏ రకం తప్పు (పేక తప్పిందా, పోగు తక్కువైందా, నూనె మరకా, అంచు చెడిందా). మొదట నాలుగు సాంచాలతోనే మొదలుపెట్టు. అన్నిటికీ ఒకేసారి పెడితే వారానికే ఆగిపోతుంది.

ఒకటి మాత్రం చేయకు. ఆ పుస్తకం చూసి కూలీ కోయకు. ఒక్కసారి కోశావంటే తప్పులు తగ్గవు, రాయడం తగ్గుతుంది. ఇంకో జాగ్రత్త: పేజీ మొత్తం ఒకే పెన్నుతో, ఒకే వాలుతో, టైములన్నీ సున్నాలతో, ఐదులతో ముగిసి ఉంటే అది సాంచె దగ్గర రాసింది కాదు, నెలాఖరుకు కూర్చొని నింపింది. నిజంగా అప్పటికప్పుడు రాసిన పేజీకి నూనె వేలిముద్రలు ఉంటాయి, 9.17, 11.42 లాంటి టైములు ఉంటాయి.

నూలు పెట్టెల మీద వచ్చిన తేదీ, కౌంటు (నూలు ఎంత సన్నదో చెప్పే అంకె), లాట్ నంబరు పెద్దక్షరాలతో రాయించు. ముందొచ్చింది ముందు వాడాలి. ఒకే తానులో రెండు లాట్లు కలిస్తే నేసేటప్పుడు ఏమీ తెలియదు, రంగు వేశాక పట్టీలు పట్టీలుగా తేలుతుంది, అప్పుడు బట్ట కొనే సేటు పైసలు కోస్తాడు.

2017లో బ్లూమ్ వాళ్లు మళ్లీ ఆ మిల్లులకు వెళ్లి చూశారు. నేర్పినవాటిలో దాదాపు సగం వదిలేశారు. అయినా నేర్పని మిల్లులకంటే చాలా మేలుగా ఉన్నారు. ఎందుకు వదిలారంటే ఎక్కువగా వినపడినవి రెండు: మేనేజర్ మారిపోయాడు, యజమానికి తీరిక దొరకలేదు. నీ షెడ్డుకు రెండూ వర్తిస్తాయి. గుమాస్తా ఒక్కడికే నేర్పితే, అతను ముంబై దగ్గరి భీవండికి పనికి పోయిన రోజు పుస్తకం మూతపడుతుంది. ఇద్దరికి నేర్పు. పొద్దున షిఫ్టు మారేటప్పుడు సాంచాల దగ్గరే నిలబడి పది నిమిషాలు జాబర్‌తో, గుమాస్తాతో నిన్నటి పేజీ చూడు. నువ్వు చూడని పుస్తకం ఎవరూ రాయరు.

ఆ పరిశోధనలో ఇంకో సంగతి తేలింది. కంపెనీ ఎంత పెద్దదన్నది అన్నిటికంటే గట్టిగా ముడిపడింది ఇంట్లో ఎంతమంది మగవాళ్లు ఉన్నారన్నదానితో. ఎందుకంటే పెత్తనం ఇంటివాళ్లకే ఇస్తారు; బయటివాడికి అప్పజెబితే మోసం చేస్తాడని భయం, చేస్తే కోర్టులో ఏళ్లు పడుతుందని భయం. ఆ భయం ఉత్తది కాదు. మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్లు తరుణ్ ఖన్నా, కృష్ణ పాలెపు 1997లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిందీ ఇలాంటి లోటు గురించే: నమ్మదగ్గ సమాచారం, అప్పు ఇచ్చే ఏర్పాటు, ఒప్పందాన్ని నిలబెట్టే కోర్టు సరిగా లేనిచోట, పెద్ద వ్యాపార గ్రూపులు వాటిని తమలోపలే కట్టుకుంటాయి. నీలాంటివాళ్లకు ఆ వసతి లేదు. కానీ నోటుబుక్కు ఇక్కడా పనికొస్తుంది. భీముకు ఎన్ని మీటర్ల పడుగు ఎక్కింది, ఎంత బట్ట దిగింది, వృథా ఎంత అని రాస్తుంటే, చెల్లె పెళ్లై పోయినా, తమ్ముడు హైదరాబాద్‌లో ఉన్నా, బయటి మనిషికి షెడ్డు అప్పజెప్పే ధైర్యం కొంత వస్తుంది.

ఒక షెడ్డులో బాగైనది పక్క కంపెనీకి పాకినట్టు పెద్దగా కనపడలేదని కూడా 2017లో తేలింది. చైనాలో నాన్‌చాంగ్ అనే ఊళ్లో 2,820 కంపెనీలతో చేసిన పరిశోధన దీనికి ఒక దారి చూపింది. లాటరీలో వచ్చిన కంపెనీల మేనేజర్లను చిన్న చిన్న గుంపులు చేసి, ఏడాదిపాటు నెలకోసారి కూర్చోబెట్టారు. అమ్మకాలు 8.1 శాతం పెరిగాయి. అయితే గుంపులో పోటీదారులు ఉన్నచోట, ఒకరికి దక్కితే మరొకరికి దక్కని సమాచారాన్ని తక్కువ పంచుకున్నారు. కాబట్టి నీతో ఒకే సేటు దగ్గర ఆర్డరు కోసం తిరిగేవాళ్లను కాకుండా, తువ్వాళ్లు నేసే ఒకరిని, పడుగు చుట్టే వార్పింగ్ నడిపే ఒకరిని, రంగుల అద్దకం ఒకరిని పిలిచి కూర్చో.

నాలుగు సాంచాల మొదటి వారం పేజీలు ఫొటో తీసి తమ్ముడితో వాట్సాప్ చేయించు. ఏ కారణానికి ఎన్ని నిమిషాలు పోయాయో ఇక్కడ కూడి పంపుతాను. చిన్నమ్మను మోకాళ్లకు మందు ఆపొద్దని చెప్పు.

నీ బిడ్డ